అత్తమ్మ చదివిన బొమ్మల పుస్తకం

ఈ ఎండాకాలం మా ఇంట్లోకి ఒక అట్టపెట్టె వచ్చింది. హైదరాబాదులో ఉండే మా తమ్ముని బిడ్డ ఇల్లు మారుతూ, "అత్తా, ఇవి నా దగ్గర పెట్టుకునే జాగా లేదు, చెల్లె చదువుకుంటది" అని పెబ్బేరు బస్సెక్కించి పంపింది. విప్పి చూస్తే అన్నీ కామిక్స్. పాత అమర్ చిత్ర కథలు ఓ ముప్పై, అడుగున రెండు లావు పుస్తకాలు. మా చిన్నది తొమ్మిదో తరగతి. అది వాటి మీద పడింది. నేను మాత్రం పెట్టె ముందు కాసేపు అట్లనే నిలబడిపోయాను.

ఎందుకో చెప్పాలి మీకు. పదకొండేండ్ల కింద మా పెద్దోడు హాఫ్ ఇయర్లీ పరీక్షల్లో లెక్కలు తప్పాడు. బడిలో సారు పిలిచి, "బొమ్మల పుస్తకాలు చదివే పిల్లలకు చదువు రాదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి, వాడు మంచం కింద దాచుకున్న కామిక్స్ అన్నీ తీసి, పాత పేపర్లు కొనేటాయనకు తూకానికి వేశాను. వాడు బడి నుంచి వచ్చి మంచం కిందికి వంగి చూశాడు. ఏడ్వలేదు, అడగలేదు. ఆ తర్వాత లెక్కలు పాసయ్యాడు. కానీ పాఠం పుస్తకం కాక ఇంకో పుస్తకం పట్టుకోగా నేను చూడలేదు.

అందుకే ఈసారి అనుకున్నాను, ముందు నేను చదువుతాను, ఇందులో ఏముందో చూస్తాను అని. మధ్యాహ్నం అంట్లు కడిగి, అత్తమ్మకు మందులిచ్చాక రెండు గంటలు దొరుకుతాయి నాకు. నెల రోజులు ఆ రెండు గంటలూ వీటికే పెట్టాను.

మొదలు అమర్ చిత్ర కథలు. వీటిని మొదలుపెట్టిన అనంత్ పాయ్ ఒక సంగతి చెప్పేవారు. 1967లో ఢిల్లీ దూరదర్శన్‌లో పిల్లల క్విజ్ చూశారట. గ్రీకు దేవతల గురించి అడిగితే టక్కున చెప్పిన పిల్లలు, రాముని తల్లి పేరు అడిగితే చెప్పలేకపోయారట. అప్పటికి ఆయన ఇంద్రజాల్ కామిక్స్‌లో పనిచేస్తున్నారు. ఆ పని వదిలి, బొంబాయిలోని ఇండియా బుక్ హౌస్‌తో కలిసి మన కథలు వేయడం మొదలుపెట్టారు. ఆ వరుసలో మొదటి పది పుస్తకాలు పరాయి దేశపు కథలే. పదకొండోది కృష్ణుడు. రామ్ వాయిర్కర్ బొమ్మలు వేశారు. అక్కడి నుంచి వందలకొద్దీ వచ్చాయి.

చదువుతుంటే హాయిగానే ఉంది. తెనాలి రామన్న దగ్గర నేనూ చిన్నదీ కలిసి నవ్వుకున్నాం. రాణీ దుర్గావతి, చాంద్ బీబీ, రజియా సుల్తానా వీళ్లందరూ ఉన్నారు. మా బడి పుస్తకాల్లో ఒక్క లైనులో అయిపోయిన ఆడవాళ్లు ఇక్కడ గుర్రమెక్కి పుస్తకమంతా తిరుగుతారు. అది నాకు నచ్చింది.

నచ్చనివి కూడా చెప్తాను. ఒకరోజు చిన్నది పుస్తకం మూసి, "అమ్మా, ఇండ్ల నల్లగున్నోళ్లంత రాక్షసులేనా?" అని అడిగింది. అది వాళ్ల నాయన రంగు, చామనఛాయ కంటే ఒక పాలు ఎక్కువే. నేను మళ్లీ తిరగేశాను. కృష్ణుడూ రాముడూ నీలంగా ఉంటారు. మిగతా మంచివాళ్లు చాలామంది తెల్లగా ఉంటారు. నలుపూ, లావు పెదవులూ ఎక్కువగా రాక్షసులకే. చిన్నప్పుడు చూసినా నాకు ఎన్నడూ కనపడలేదు. ఆ రంగు పిల్లకు వెంటనే కనపడింది.

రెండోది పద్మిని కథ. చివర్లో ఆడవాళ్లందరూ మంటల్లోకి నడిచిపోతారు. దాన్ని చరిత్ర అనుకునే చదివాను ఇన్నేండ్లూ. చిత్తోడును అల్లావుద్దీన్ ఖిల్జీ ముట్టడించింది 1303లో. ఆ దండు వెంట ఉన్న కవి అమీర్ ఖుస్రో ఆ ముట్టడి గురించి రాశాడు, పద్మిని పేరు మాత్రం రాయలేదు. పద్మిని కథ మనకు తెలిసింది మాలిక్ ముహమ్మద్ జాయసీ అవధీలో రాసిన పద్మావత్ కావ్యం వల్ల. అది 1540లో, అంటే 237 ఏండ్ల తర్వాత. కావ్యం కావ్యంగా గొప్పదే కావచ్చు. కానీ ఆడపిల్ల మానం అంటే మంట అని తొమ్మిదో తరగతి పిల్లకు రంగుల్లో చూపెట్టేటప్పుడు, ఇది కవి కట్టిన కథ అని ఒక్క మాట రాస్తే బాగుండేది.

ఇక్కడ నాకు సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తుకొచ్చారు. మన పక్కనే, గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు ఆయనది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మనిషి. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసి, తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చారు 1955లో. రాజులు ఎవరిని గెలిచారన్నది కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికారు ఆయన. కామిక్స్‌లో నాకు కావాల్సింది కూడా అదే. రాణి వెనకాల నీళ్లు మోసే మనిషి ఎవరు, ఆమె కథ ఏది?

అది అడుగున ఉన్న లావు పుస్తకాల్లో దొరికింది. రెండూ ఇంగ్లీషువి. నాది తెలుగు మీడియం ఇంటర్. చిన్నది చదివి చెప్తుంటే నేను బొమ్మలు చూశాను.

ఒకటి 'పెర్సెపొలిస్'. మర్జానె సత్రాపి అనే ఇరానీ ఆమె తన చిన్నతనాన్ని తానే రాసి, తానే బొమ్మలు వేసుకుంది. ఫ్రెంచిలో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. అంతా నలుపు తెలుపే. 1979లో అక్కడ రాజ్యం మారిపోయింది, మరుసటి ఏడు బళ్లో ఆడపిల్లలందరూ తలకు గుడ్డ కట్టుకోవాలన్నారు. ఆ పిల్లలకు అదెందుకో తెలియదు, ఆ గుడ్డలతోనే ఆటలాడుకుంటారు. ఆ ఒక్క పేజీ చాలు. నాకు ఇంకా నచ్చింది వాళ్ల నానమ్మ వయసున్న ముసలమ్మ, అంటే అమ్మమ్మ. ఆమె రోజూ పొద్దున మల్లెపూలు ఏరుకుని రవికలో దోపుకుంటుంది, ఒళ్లు వాసన రావాలని. ఎక్కడి టెహ్రాన్, ఎక్కడి పెబ్బేరు! మా అమ్మమ్మ కొప్పులో మిగిలిన పూలు దిండు కింద పెట్టుకునేది. 2013లో అమెరికాలోని చికాగోలో ఈ పుస్తకాన్ని ఏడో తరగతి గదుల్లోంచి తీసేయమన్నారట. పిల్లలు ఊరుకోలేదు, అల్లరి చేశారు.

అది చదివాక నేను చేసిన పని ఇంకెవరైనా చేశారా అని వెతికాను. చేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో బళ్ల దగ్గర కుప్పలు పోసి కామిక్స్ కాల్చారు. 1954లో ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే మానసిక వైద్యుడు, ఈ పుస్తకాల వల్లే పిల్లలు చెడిపోతున్నారని పెద్ద పుస్తకం రాశాడు. సెనేట్‌లో విచారణ జరిగింది. కంపెనీలు భయపడి తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నాయి. తర్వాత చాలా ఏండ్లకు, 2012లో, కారొల్ టిల్లీ అనే ఆమె ఆ డాక్టరు దాచుకున్న కాగితాలు తీసి చూసింది. పిల్లలు చెప్పిన మాటలను ఆయన తనకు కావాల్సినట్టు మార్చి రాసుకున్నాడని బయటపెట్టింది. అంత పెద్ద డాక్టరే అట్ల చేస్తే, మన సారును ఏమనాలి, నన్ను ఏమనాలి? ఆయనకు భయం, నాకు భయం. మధ్యలో మంచం కింద ఖాళీ.

రెండో లావు పుస్తకం 'భీమాయన'. 2011లో వచ్చింది. అంబేద్కర్ జీవితం. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు దంపతులు. ఇందులో మామూలు కామిక్స్‌లోలాగ డబ్బాలు గీసి మనుషులను వాటిలో కూర్చోబెట్టలేదు. రైలు పామైపోతుంది. మంచిగా మాట్లాడేవాళ్ల మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. విషం కక్కేవాళ్ల మాటకు తేలు తోక ఉంటుంది. లోపల అనుకునే మాటకు ఒక కన్ను ఉంటుంది.

ఆ రోజు పుస్తకం తెరిచి పెట్టి, పొయ్యి మీద పాలు చూడటానికి పోయాను. తిరిగొచ్చేసరికి అత్తమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఉంది. అత్తమ్మకు చదువు రాదు. ఆమె బడి ముఖం చూడలేదు.

"గీడ తేలు తోక ఉన్నది సూడు. వీడు మంచోడు గాడు" అంది.

నేను ఆశ్చర్యపోయాను. "నీకెట్ల తెలిసె అత్తమ్మా?"

"బొమ్మ జెప్తలేదా? మా తల్లిగారి ఊర్ల పటం కథోళ్లు రాకపోయిరా? పటం ఇప్పుకుంట పుల్లతోని సూపెట్టి జెప్పెటోళ్లు. బొమ్మ సూడనీకి సదువు ఎందుకు?"

నిజమే కదా. మన తెలంగాణలో పటం కథలు ఎప్పటినుంచో ఉన్నవే. సిద్దిపేట దిక్కు చేర్యాలలో నకాషీ వాళ్లు ఇప్పటికీ వేస్తారు. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలు వేస్తారు. చాపలా చుట్టిన పటం ఒక్కోటి నలభై, అరవై అడుగులు ఉండేది. ఒక్కో కులానికి ఒక్కో కథ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలి వాళ్లకు మడేలు పురాణం. చెప్పే కులం వేరే, వినే కులం వేరే. పటం కొద్దికొద్దిగా విప్పుతుంటే కథ ముందుకు నడుస్తుంది. కామిక్స్ అంటే మరేమిటి? అనంత్ పాయ్ కంటే ముందే మా అత్తమ్మ కామిక్స్ చదివింది.

నేను పక్కన కూర్చుని కథ చెప్పాను. అంబేద్కర్ చిన్నప్పుడు, 1901లో, తండ్రిని చూడటానికి అన్నతో, పిల్లలతో కలిసి రైలెక్కిపోయాడు. స్టేషన్‌లో దిగితే వీళ్ల కులం తెలిసి బండి కట్టేవాడే దొరకలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకాయన ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని. చేతిలో తిండి ఉంది, నీళ్లు లేవు. ఎక్కడా ఎవరూ పోయలేదు. రాత్రంతా ఆకలితోనే పడుకున్నారు. బడిలో కూడా ప్యూను కొళాయి తిప్పితేనే నీళ్లు, లేకుంటే లేదు.

అత్తమ్మ పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది.

"నేను గిట్లనే పోసిన."

"ఏంది అత్తమ్మా?"

"కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు. బాయికాడ వాళ్లు నిలబడుతుండిరి, మనం తోడి పోస్తెనే. చెంబు తగలొద్దు అని మా అత్త ఒకటే జెప్తుండె. మీది నుంచి పోసేది నేను. ఒకామె కడుపుతోని ఉండె, నాకంటె చిన్నది. దోసిలి నిండ పడకపోయేది, సగం కిందనే పోయేది. ఇంగ జర కిందికి వంచితె ఏమయ్యేది? ఏం కాకపోవు. నేను వంచలె."

ముప్పై ఏండ్ల కాపురంలో ఈ మాట నేను ఎన్నడూ వినలేదు. మా ఇంట్లో అంబేద్కర్ పటం లేదు కానీ, మేము మంచివాళ్లమే అనుకుంటాం. చరిత్ర అంటే ఎక్కడో మహరాష్ట్రలో, ఎప్పుడో వందేండ్ల కింద అనుకుంటాం. మా బావి ఇప్పుడు పూడిపోయింది, దాని పక్క నుంచే హైవే మీదికి పోతాం. పుస్తకంలో దప్పికగొన్న పిల్లవాడిని చూసి నాకు కళ్లు చెమర్చాయి. అత్తమ్మ మాత్రం నీళ్లు పోయని వాళ్లలో తనను తాను చూసుకుంది. ఇద్దరిలో ఆ పుస్తకాన్ని సరిగ్గా చదివింది ఎవరో మీరే చెప్పండి.

చిన్నది అంతా విన్నది. "అవ్వా, ఆమె ఇప్పుడు ఉన్నదా?" అని అడిగింది.

"లేదు బిడ్డా. ఆమె కొడుకు సంతల కనపడుతడు. నేనే మొఖం తిప్పుకుంట."

ఆ రాత్రి పెద్దోనికి ఫోన్ చేశాను. ఇరవై ఆరేండ్లవాడు, హైదరాబాదులో ఉద్యోగం. అన్నం తిన్నావా అయ్యాక, "బిడ్డా, అప్పుడు నీ పుస్తకాలు నిన్ను అడగకుండ అమ్మిన. తప్పు జేసిన" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

కొద్దిసేపు అటు నుంచి చప్పుడు లేదు. "పద్నాలుగు పుస్తకాలమ్మా" అన్నాడు. "అండ్ల రెండు నావి కావు, దోస్తువి. వాడు అడిగితె పోయినయని జెప్పిన. వాడు నన్ను నమ్మలె."

అది నాకు తెలియదు. పదకొండేండ్లు వాడు ఆ మాట మోశాడు. ఏం చెప్పాలో తెలియక, అట్టపెట్టె వచ్చిన సంగతి చెప్పాను. వాళ్ల అవ్వ తేలు తోకను గుర్తుపట్టిన సంగతీ చెప్పాను. దానికి నవ్వాడు. వచ్చే నెల వస్తా, అప్పటిదాకా ఆ పెట్టె ఎవరికీ ఇవ్వొద్దు అన్నాడు.

మీ ఇంట్లో కూడా మంచం కిందో, అటక మీదో బొమ్మల పుస్తకాలు ఉంటే, అమ్మే ముందు ఒకసారి తెరిచి చూడండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో పిల్లలకు చెప్పండి. ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లుంటే వాళ్ల ఒళ్లో పెట్టండి.

మొన్న శనివారం సంతకు పోతుంటే అత్తమ్మ నేనూ వస్తానంది. మోకాళ్ల నొప్పితో ఏడాదిగా గడప దాటలేదు. ఏం కొనాలి అత్తమ్మా అంటే, ఏం లేదు, ఒకరిని పలకరియ్యాలె అంది. ఆటో మాట్లాడి తీసుకుపోయాను.