మెరిట్‌కు ముందు ఆకలి

జనగణన తలల్ని లెక్కపెడుతుంది. పోయినసారి లెక్కించిన బిడ్డ ఆ తర్వాత ఏమైందో చెప్పదు. ప్యానెల్ సర్వే అలా కాదు, అదే బిడ్డ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తుంది.

అలాంటిది మన దగ్గరే జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుంది. 2,000 మంది ఏడాది వయసువాళ్లు, 1,000 మంది ఎనిమిదేళ్లవాళ్లు. 2006-07, 2009, 2013, 2016లలో మళ్లీ వాళ్లనే వెతుక్కుంటూ వెళ్లారు. ఎత్తు, బరువు కొలిచారు. ఏం తిన్నారు, బడికి పోతున్నారా, ఎన్ని గంటలు పని చేస్తున్నారు అని అడిగారు. కులమూ రాసుకున్నారు. తొమ్మిది మెట్ల నిచ్చెన గురించి చెప్పి, నీ బతుకు ఏ మెట్టు మీదుందని అడిగారు. నిచ్చెనమెట్ల కులవ్యవస్థలో పుట్టిన పిల్లలకు ఆ ప్రశ్న కొత్తేం కాదు.

నేను పాఠం చెప్పేది తెలుగు సాహిత్యం. అయినా ఈ లెక్కలు నాకు ఆత్మకథల్లా కనిపిస్తాయి. ఒక్కసారే తీసిన లెక్క చూపించి ‘వాళ్ల అలవాట్లే అంత’ అనడం తేలిక. ఏడాది వయసు నుంచీ లెక్క ఉంటే ఏది ముందో, ఏది వెనకో తెలుస్తుంది. పసితనంలో ఎదుగుదల ఆగిన పిల్లలు తర్వాత చదువులోనూ వెనకబడటం ఈ సర్వేలో కనిపించింది.

విద్యార్థులారా, ఆ పట్టికల్ని కులాలవారీగా చదవండి. ఎవరైనా మెరిట్ గురించి మాట్లాడితే, ఏడాది వయసు నాటి లెక్క అడగండి.

జై భీమ్.