సన్రికు తీరంలో ఇంటిచోటు: రెండు సునామీల నడుమ 37 ఏళ్లు

జపాన్ ఈశాన్యాన ఉన్న సన్రికు తీరంలో కొండలు సముద్రంలోకి చొచ్చుకొనిపోగా, వాటి నడుమ ఇరుకైన అఖాతాలు ఏర్పడ్డాయి. అఖాతం ఇరుకయ్యేకొద్దీ లోపలికి వచ్చే అల ఎత్తు పెరుగుతుంది. మత్స్యకార గ్రామాలు వెలసినది ఆ అఖాతాల కొసల్లోనే. 1896 జూన్ 15 సాయంత్రం భూమి స్వల్పంగా కంపించింది. సుమారు అరగంటకు వచ్చిన సునామీలో దాదాపు 22,000 మంది మరణించారు. (1977లో దివిసీమను ముంచిన ఉప్పెనకు తుపాను గాలి ముందు నడిచింది. సన్రికులో ఆపాటి హెచ్చరిక కూడా లేదు.) 1933 మార్చి 3న మరొక సునామీ సుమారు 3,000 మందిని బలిగొన్నది.

మొదటి విపత్తు తరువాత మెట్టకు తరలిన కుటుంబాలలో అనేకం 1933 నాటికి తిరిగి ఒడ్డుకు చేరాయి. దీనిని మరపుగా కొట్టివేయడం తేలిక. ఊరూరా తిరిగి పరిశీలించిన యమగుచి యాయిచిరో 1943లో ప్రచురించిన గ్రంథం ఆ తేలికదనాన్ని అంగీకరించదు. మెట్టపై మంచినీరు చాలలేదు. పడవకూ వలకూ ఇల్లు దూరమైంది. పట్టిన చేపను ఒడ్డుననే ఆరబెట్టాలి. పూర్వికుల స్థలంపై మమకారం సరేసరి. వీటికి తోడు, విపత్తును చూడని కొత్తవారు ఒడ్డున స్థిరపడి వేటలో బాగుపడుతుంటే మెట్టమీదివారు ఎంతకాలమని చూస్తూ ఊరుకొంటారు? ప్రాణభయం ఏనాటిదో, కూటి అవసరం ఏనాటికానాడు ఉన్నదే.

తారో గ్రామానికి తరలింపునకు చాలినంత స్థలం దొరకలేదు. 1934లో అక్కడ సముద్రపు గోడ నిర్మాణం మొదలైంది. దశాబ్దాల పాటు పెరిగి 10 మీటర్ల ఎత్తున, సుమారు 2.4 కిలోమీటర్ల మేర నిలిచిన ఆ గోడను 2011 మార్చి 11న సునామీ దాటింది. యోషిహామా మార్గం వేరు. 1896 తరువాత, మళ్లీ 1933 తరువాత ఇళ్లను పైకి తరలించి, పల్లపు నేలను వరిపొలాలుగా మార్చారు. 2011లో పొలాలు మునిగాయి, ఇళ్లలో అత్యధికం నిలిచాయి. నిషేధం కన్నా ఈ ఏర్పాటే బలమైనదని చెప్పవలసి ఉంటుంది. ఖాళీగా ఉన్న నేల ఇంటిని పిలుస్తుంది, పంట ఉన్న నేల పిలవదు. అయితే సాగుకు వీలైన నేల ఉండడం యోషిహామా అదృష్టం. అది అన్ని అఖాతాలకూ లేదు.

అనెయోషిలో 1896లో ఇద్దరు, 1933లో నలుగురు మాత్రమే బతికారు. ఆ తరువాత, ఇంతకు దిగువన ఇల్లు కట్టరాదని చాటే రాతిని అక్కడ నిలిపారు. 2011లో నీరు సుమారు 40 మీటర్ల ఎత్తుకు ఎగబ్రాకినా రాతిని చేరలేదు. ఇళ్లన్నీ దానికి ఎగువన ఉన్నాయి. చేపల రేవు మాత్రం కిందనే ఉన్నది.