గైడ్ల భుజాల మీదుగా వచ్చిన రోప్‌వే

ఫ్రాన్స్‌లోని షామొనీ ఊళ్లో రోప్‌వే ఎక్కి, మధ్యలో ప్లాన్ ద లేగ్వీ దగ్గర క్యాబిన్ మారితే, దాదాపు 20 నిమిషాల్లో ఏగ్వీ ద్యు మిదీ మీద దిగొచ్చు. ఊరి ఎత్తు 1,035 మీటర్లు, శిఖరానిది 3,842. కింద టీషర్టుతో బయల్దేరినవాళ్లు పైన కోటు కోసం సంచి తడుముకుంటారు. నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం వస్తుంది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులకు కూడా రాదు మరి.

ఈ రోప్‌వే వల్ల ఎవరి పొట్ట కొట్టినట్టవుతుందని అనిపిస్తుందో, మొదటి తాడు వేసింది వాళ్లే.

1786 ఆగస్టు 8న జాక్ బాల్మా అనే స్ఫటికాల వేటగాడు, ఊరి డాక్టరు మిషెల్ పక్కార్ మోంబ్లాన్ శిఖరం ఎక్కారు. ఆ తర్వాత దొరలు, పండితులు, కవులు షామొనీ లోయకు వరస కట్టారు. కొండమేకల వేట, స్ఫటికాల ఏరివేతతో బతికేవాళ్లకు వాళ్లను కొండ ఎక్కించే గైడ్ పని కొత్త బతుకుతెరువుగా దొరికింది. 1818లో ఏగ్వీ ఉత్తర శిఖరం ఎక్కిన పోలండ్ కవి మాల్చెవ్‌స్కీని నడిపించింది కూడా వీళ్లే. 1820లో మోంబ్లాన్ మీద మంచు విరిగిపడి ముగ్గురు గైడ్లు అగాధంలో పడిపోయారు. మరుసటి ఏడాదే గైడ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. ఎవరి వంతు వస్తే వారికి పని, కష్టంలో ఉన్న కుటుంబాలకు సాయం అన్నవి దాని కట్టుబాట్లు. ఆ ముగ్గురి అవశేషాలు 1861లో, అంటే 41 ఏళ్లకు, బొసాన్ హిమానీనదం కింది కొసన బయటపడ్డాయి. 1966లో హోమీ భాభా ప్రయాణిస్తూ కూలిన ఎయిరిండియా విమానం తాలూకు వస్తువులను కొన్నేళ్లుగా బయటికి నెడుతున్నదీ ఈ హిమానీనదమే. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్తతో ఉన్న దినపత్రికలు అక్కడ దొరికాయి.

యంత్రాలు వచ్చాక అసలు తగువు మొదలైంది. షామొనీ నుంచి పైనున్న మోంటాన్‌వేర్‌కు పళ్లచక్రాల రైలు వేస్తామన్నప్పుడు గైడ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు ఎదురు తిరిగారు. అయినా 1909 నాటికి రైలు పైకి చేరింది. 1924లో ఏగ్వీ వైపు తొలి రోప్‌వే మొదటి అంచె తెరిచారు. 1927లో అది 2,414 మీటర్ల దగ్గరి గ్లాసియే స్టేషన్ దాకా వెళ్లింది. యాత్రికుల్ని అంతకుమించి పైకి ఎక్కించకుండానే 1951లో మూతబడింది.

అప్పటికి రంగంలోకి దిగాడు ఇటలీ ఇంజినీరు, కౌంట్ దీనో లోరా తోతీనో. ప్లాన్ ద లేగ్వీ నుంచి శిఖరం దాకా మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా తాళ్లు వేలాడదీయాలన్నది అతని పట్టు. కాగితం మీద గీత గీసినంత తేలిక కాదిది. ఆ నిట్టనిలువు ఉత్తర ముఖం మీదుగా మొదటి తాడు ఎవరు దించాలి? షామొనీ, కూర్మాయేర్ ఊళ్ల నుంచి సుమారు 30 మంది గైడ్లు ఆ పనికి దిగారు. బరువైన ఉక్కుతాడును భుజాల మీద పంచుకుని, మంచులో కాలు ఊనుకుంటూ, రాతి అంచుల్లో చిక్కుకుంటే విడిపించుకుంటూ కిందికి తెచ్చారు. అది దారి చూపే తాడు మాత్రమే. అసలు తాళ్లు దాని ఆసరాతోనే వచ్చాయి. 1955లో పై అంచె పూర్తయ్యేసరికి ప్రపంచంలో అంత ఎత్తుకు వెళ్లే రోప్‌వే మరొకటి లేదు. ఘనతంతా కౌంట్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఆపైన హిమానీనదాలను దాటి ఇటలీ సరిహద్దు దాకా చిన్న క్యాబిన్లు వచ్చాయి. 1961 ఆగస్టు 29న ఫ్రెంచి యుద్ధవిమానం ఒకటి వాటి తాడును తెంపింది. ఆరుగురు చనిపోయారు. పదుల సంఖ్యలో యాత్రికులు గాల్లోనే చిక్కుకుపోయారు.

మరి గైడ్ల పని పోయిందా? లేదు, రూపు మారింది. ఏగ్వీ మీద మంచు సొరంగం చివర ఇనుప గేటు దాటితే, రెండు వైపులా లోయలున్న సన్నటి మంచు గట్టు వస్తుంది. రోప్‌వేలో వచ్చినవాళ్లకు అక్కడ గైడ్లు బూట్ల కింద ఇనుప ముళ్లు బిగించి, నడుముకు తాడు కట్టి నడిపిస్తారు. చలికాలంలో వాలే బ్లాన్ష్ హిమానీనదం మీదుగా సుమారు 20 కిలోమీటర్ల స్కీ ప్రయాణానికి ముందుండేదీ వాళ్లే. మంచు కింది పగుళ్లు ఎక్కడ నోరు తెరుచుకున్నాయో ఏ టికెట్టు మీదా రాసి ఉండదు.