గోడకు ముందు నేల

ఇల్లు కట్టువారి దృష్టి మొదట గోడలపైకిని, కప్పుపైకిని పోవుట సహజము. కాని పూర్వుల వాస్తువిద్య గోడతో గాక నేలతో ప్రారంభమైనది.

క్రీ. శ. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో భూపరీక్ష చెప్పబడినది. స్థలమధ్యమున మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మన్నుతోనే మరల పూడ్చవలెను. మన్ను మిగిలిన శ్రేష్ఠము, సరిపోయిన మధ్యమము, చాలకున్న వర్జ్యము. గట్టినేల మన్ను త్రవ్వగానే విచ్చుకొని గోతిలో పట్టదు; గుల్లనేల మన్ను గోతికి చాలదు. శుభాశుభముల పేరిట చెప్పబడినను, నేలకు బరువు మోయు శక్తి యెంతయో దీనివలన కొంత తెలియును. గోతిని నీటితో నింపి, నూఱడుగులు నడచి తిరిగివచ్చులోపల నీరు తగ్గకున్న మంచిదనుట మరియొక పరీక్ష.

దున్ని, విత్తనములు మొలిపించి, గోవులు నివసించిన నేలకు గృహస్థుడు పోవలెనని ఆ గ్రంథమే విధించుచున్నది. నాగలి సాగిన చోట వేళ్లు, ఎముకలు, రాళ్లు పైకి వచ్చును. మొలక నేల స్వభావమును తెలుపును.

పిమ్మట దిక్కుల నిర్ణయము. చదును చేసిన నేలపై శంకువనబడు కొయ్యమేకు నాటి, దానిచుట్టు వృత్తము గీయుదురు. ప్రొద్దుట, సాయంత్రము శంకువు నీడకొన వృత్తమును తాకిన రెండు చోట్లను కలిపిన గీతయే తూర్పుపడమరల రేఖ. నేటి ‘శంకుస్థాపన’ యను మాటలో ఆ శంకువే నిలిచియున్నది.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయమునకు పునాది గోతిని ఇసుకతో నింపి, గట్టిపరచి, దానిపై రాతి కట్టడము లేపిరి. ఎనిమిది శతాబ్దములు గడచినను ఆలయము నిలిచియే యున్నది. 2021లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది.

అయితే ప్రాచీన పరీక్షలే సర్వమునకు చాలవు. తడిసిన నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనీయదు గనుక జలపరీక్షలో నెగ్గును. కాని ఆ నేలయే వానకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై లోతులేని పునాది వేసిన గోడలు బీటలు వారును. కావున రేగడిని తీసివేసి గట్టినేల వఱకు పోవుటయో, ఇసుకను లేక మొరమును పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో దట్టించుటయో అవసరము. మన్ను పరీక్షశాలలు నేడు ఈ భేదమును స్పష్టముగా చెప్పగలవు.

ఒక కుటుంబము జీవితకాలమున కూడబెట్టిన ధనమంతయు ఇంటిలో చేరును. గోడ వంకరయైన విప్పి కట్టవచ్చును. నేల క్రుంగిన ఇల్లంతయు చెడును. ముగ్గు పోయుటకు ముందు నేలకై వెచ్చించిన పదిదినములు కంటికి కనబడవు, కాని ఇంటి ఆయువు వానిలోనే యున్నది.