మాట సరే, తనిఖీ ఎవరు చేస్తారు?

రసాయన ఆయుధాలనగానే మనకి సద్దాం, సిరియా గుర్తొస్తాయి. మనింటి సంగతీ ఓసారి చూద్దామా?

1992 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ ఢిల్లీలో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మా దగ్గర రసాయన ఆయుధాలు లేవన్న పాత మాటే మళ్ళీ చెప్పాయి. తలుపు తీసి చూసే ఇన్‌స్పెక్టర్లు మాత్రం లేరు. 1997 ఏప్రిల్లో అంతర్జాతీయ నిషేధ ఒప్పందం అమల్లోకొచ్చింది. జూన్‌కల్లా నిల్వలున్నాయని మనవాళ్ళే ఒప్పుకున్నారు! వెయ్యి టన్నులకి పైగా మస్టర్డ్. తనిఖీల మధ్య ధ్వంసం చేస్తూ 2009లో పూర్తిచేశారు.

సిగ్గుపడాలా, గర్వపడాలా? నన్నడిగితే రెండూ. ప్రోగ్రామ్ రాసినవాడే "బగ్గుల్లేవు" అంటే టెస్టింగ్ మానేస్తామా? దేశాల మాటా అంతే. 1992లో మాటొక్కటే ఉంది, 1997లో తనిఖీ కూడా వచ్చింది. నిజం అప్పుడే బయటికొచ్చింది మరి.