జూదం: చట్టం దేన్ని నేరమంటోంది?

తెలుగు ‘జూదం’ సంస్కృత ‘ద్యూతం’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన మాట. పాచికల వంటి ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతమని, ప్రాణులను పోరాడించి పందెం కట్టేది సమాహ్వయమని మనుస్మృతి విభజించింది. రెండింటినీ రాజు నిషేధించాలంది. మన కోడిపందెం రెండో కోవలోది. కౌటిల్యుని అర్థశాస్త్రం దారి వేరు. జూదాన్ని అధికారి పర్యవేక్షణలో ఒకేచోట ఆడించి, గెలుపు సొమ్ములో నూటికి ఐదు వంతులు రాబట్టమంది. దొంగ పాచికలు వేసినవారికి శిక్ష విధించింది. ఆడటం వేరు, మోసగించడం వేరు అన్న ఈ తేడా ఆధునిక చట్టాల్లో వెనక్కిపోయింది.

1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం జూదగృహం నడపడాన్ని నేరంగా పరిగణించి, నైపుణ్యంపై ఆధారపడిన ఆటలను మినహాయించింది. రాజ్యాంగం ఈ అంశాన్ని రాష్ట్రాల జాబితాలో చేర్చింది. జూదానికి వ్యాపార స్వేచ్ఛ కింద రక్షణ లేదని 1957లో సుప్రీంకోర్టు చమర్‌బాగ్‌వాలా కేసులో తేల్చింది. అప్పటినుంచి వివాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఆటలో నైపుణ్యం ఎక్కువా, అదృష్టమా?

ఈ ప్రశ్నకు ప్రసిద్ధమైన సమాధానం సికింద్రాబాద్‌లోని ఒక వినోద క్లబ్బుపై పోలీసుల దాడితో మొదలైన కేసులో వచ్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదిలేయాలో తేల్చుకోవాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని, మూడు ముక్కలాట వంటిది కాదని 1960ల చివర సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆట మీద నిర్వాహకులు లాభం గుంజితే సంగతి వేరని కూడా అదే తీర్పు హెచ్చరించింది. తరవాతి కాలంలో ఆన్‌లైన్ సంస్థలు మొదటి మాటను చాటినంతగా రెండోదాన్ని చాటలేదు.

నియమాలు తెలిసి ఆడి ఓడినవాడు మోసపోయినట్టు కాదు. కానీ ఫోన్ తెరపై ప్రత్యర్థి ఎవరో కనబడడు. ఎవరు గెలిచినా నిర్వాహకుడి కమీషన్ ఆగదు. కనుక ఆటగాళ్లందరినీ కలిపి లెక్కిస్తే మిగిలేది నష్టమే. ఆ నష్టం అప్పులుగా, ఆత్మహత్యలుగా పరిణమించిన నేపథ్యంలో తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీ పందేలను అడ్డుకున్నాయి.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పాత ప్రశ్ననే పక్కనపెట్టింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషిద్ధమే. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా; ప్రకటనలిచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆటగాడికి మాత్రం శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్‌కు మినహాయింపు ఉంది.

దీన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకుంది. ఇక పూర్తిగా అదృష్టం మీదే నడిచే లాటరీని 1998 నాటి చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు అనుమతిస్తూనే ఉంది. కేరళ ఖజానాకు అది ఒక ఆదాయ మార్గం.