తాడు బరువు, కర్ర బిగువు: ఈగ గాలపు కొలతల చరిత్ర

ఫ్లై ఫిషింగ్ అని ప్రసిద్ధమైన ఈగ గాలపు వేట తక్కిన గాలపు వేటలన్నిటి నుంచి ఒక మౌలికమైన విషయంలో వేరుపడుతుంది. మామూలు గాలంలో ఎర గాని, సీసపు గుండు గాని ముందుకు దూసుకుపోతే సన్నని దారం దాని వెంట పోతుంది. ఈగ గాలంలో కొసన ఉండేది ఈకతోను, బొచ్చుతోను కట్టిన కృత్రిమ కీటకం. దానికి చెప్పుకోదగ్గ బరువు లేదు కనుక ఆ బరువును తాడే సమకూర్చాలి. వేటగాడు కర్రను వెనుకకు, ముందుకు ఆడించినప్పుడు గాలిలో సాగిన తాడు బరువుకు కర్ర వంగి, ఆ వంపులో శక్తిని పోగుచేసుకొని, తిరిగి నిటారు అవుతూ తాడును ముందుకు విసురుతుంది. తాడు మరీ తేలికైతే కర్ర వంగదు, మరీ బరువైతే వంగిన కర్ర వేళకు తేరుకోదు. కాబట్టి ఏ కర్రకు ఏ తాడు అన్నది ఈ విద్యలో మొదటి ప్రశ్న అయింది. నీటిపై తేలే తాడును ఫాస్ట్ యాక్షన్ కర్రకు, అంటే పై మూడో వంతు మాత్రమే ప్రధానంగా వంగి చప్పున నిటారయ్యే బిగువైన కర్రకు, జత చేయడంలో నేడు ఎదురయ్యే చిక్కు ఆ ప్రశ్నకు కాలక్రమంలో వచ్చిన జవాబుల నుంచే పుట్టింది.

క్రీస్తు శకం మూడో శతాబ్దపు తొలినాళ్ల వరకు జీవించిన రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియా ప్రజలు ఎర్రని ఉన్నిని, కోడి మెడ ఈకలను గాలానికి చుట్టి నదిలో చేపలు పట్టే తీరును వర్ణిస్తూ, వారి కర్ర ఆరడుగులని, తాడు కూడా అంతే పొడవని పేర్కొన్నాడు. కర్ర కొనకు కట్టిన ఆ పొట్టి తాడును నీటిపై వాల్చడమే తప్ప దూరం విసరడం లేదు కనుక బరువు ప్రసక్తి అప్పటికి రాలేదు. ఇంగ్లండులో 1496లో వింకిన్ డి వర్డ్ అచ్చువేసిన గాలపు వేట గ్రంథం గుర్రపు తోక వెంట్రుకలను పేని తాడు చేసే పద్ధతిని వివరించి, చిన్న మినో చేపకు ఒక వెంట్రుక, ట్రౌట్‌కు తొమ్మిది, సాల్మన్‌కు పదిహేను అని లెక్క కట్టింది. అది తాడు తెగకుండా నిలిచే బలానికి కట్టిన లెక్కే గాని, కర్రను వంచే బరువుకు కట్టిన లెక్క కాదు. ఐజాక్ వాల్టన్ రాసిన గాలపు వేట గ్రంథానికి 1676లో చార్లెస్ కాటన్ చేర్చిన భాగంలో కూడా కర్ర పదిహేను నుంచి పద్దెనిమిది అడుగులుండాలన్న సూచన కనిపిస్తుంది. తాడు పొట్టిది కనుక దూరాన్ని కర్ర పొడవే సమకూర్చవలసి వచ్చింది.

తాడును చుట్టి ఉంచుకొని అవసరమైనంత వదలడానికి వీలిచ్చే రీలు వాడుకలోకి వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ముడులతో నిండిన వెంట్రుకల తాడు కర్రకు బిగించిన వలయాల గుండా సాఫీగా జారదు; పందొమ్మిదో శతాబ్దంలో మొదట పట్టును వెంట్రుకలతో కలిపి, ఆ తరువాత కేవలం పట్టుతోనే తాడు అల్లి, దానిని అవిసె నూనెలో నానబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్దడం వ్యాపించింది. అల్లేటప్పుడే పోగుల సంఖ్యను మారుస్తూ నడుమ లావుగా, కొసలకు పోనుపోను సన్నగా ఉండే తాడు తయారుచేయడం సాధ్యమైంది. నడుమ లావు వల్ల విసరడానికి బరువు సమకూరితే, సన్నని కొస వల్ల ఈగ నీటిపై చప్పుడు లేకుండా వాలింది.

హాంప్‌షైర్‌లోని టెస్ట్, ఇచెన్ వంటి సున్నపురాతి ఊటల నదులలో ఈగను మునగనీయకుండా నీటి మీదనే తేల్చే పద్ధతి ఈ కాలంలోనే శాస్త్రరూపం దాల్చింది. దానికి ప్రధాన ప్రచారకుడైన ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లో తేలే ఈగల కట్టుబడిని గురించి, 1889లో ఆ వేట సిద్ధాంతాన్ని, ఆచరణను గురించి గ్రంథాలు ప్రచురించాడు. ఈగ తేలాలంటే తాడు కూడా తేలాలి. పట్టు నీటికన్నా బరువైనది కనుక వేటకు ముందు తాడుకు కొవ్వు రాయడం, సాయంత్రం రీలు నుంచి విప్పి ఆరబెట్టడం నిత్యకృత్యాలయ్యాయి. అలా చేయకపోతే తాడు మునిగేది, ఎక్కువకాలం తడిగా ఉంటే కుళ్లేది. అదీగాక తడిసిన ఈగను గాలిలో పలుమార్లు ఆడించి ఆరబెట్టాలంటే మెల్లగా ఊగే మెత్తని కర్ర పనికిరాదు. బిగువైన, త్వరగా తేరుకునే కర్రకు గిరాకీ అప్పుడే మొదలైంది. తేలే తాడుకు, వేగపు కర్రకు మధ్య సంబంధం కార్బన్ యుగంలో పుట్టినది కాదని, తేలే ఈగతోనే అది ఏర్పడిందని దీనిని బట్టి చెప్పవచ్చు.

ఆ బిగువును సాధించిపెట్టినది వెదురు. గయానా నుంచి వచ్చిన గ్రీన్‌హార్ట్ కలప బలమైనదే అయినా బరువైనది. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన శామ్యూల్ ఫిలిప్పీ పందొమ్మిదో శతాబ్దపు నడుమ వెదురును నిలువునా చీల్చి, గట్టి పైపొర ఉన్న బద్దలను జిగురుతో అతికి కర్రలు చేయగా, మెయిన్ రాష్ట్రానికి చెందిన హైరమ్ లెనార్డ్ ఆరు బద్దల కర్రను పెద్దయెత్తున తయారుచేసి వ్యాపింపజేశాడు. ఈ తొలి కర్రలకు వాడిన వెదురు భారతదేశం నుంచి కలకత్తా రేవు ద్వారా ఎగుమతి అయ్యేది. అందుకే అది విదేశీ విపణిలో కలకత్తా వెదురుగానే పేరుపొందింది. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టాంకిన్ వెదురు, దాని పైపొరలోని నార దట్టంగా ఉండడం వల్ల, కలకత్తా వెదురు స్థానాన్ని ఆక్రమించింది. వెదురును పంపిన దేశంలో గాలపు వేట గురించిన ఆంగ్ల సాహిత్యం కూడా ఆ కాలంలోనే వెలువడింది: కోస్తాంధ్ర జిల్లాలు అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు రాజధానిలో పనిచేసిన సివిల్ అధికారి హెన్రీ సల్లివన్ థామస్ ‘ది రాడ్ ఇన్ ఇండియా’ గ్రంథాన్ని 1873లో ప్రచురించాడు.

పట్టు తాళ్ల యుగంలో తాడును లావును బట్టి అక్షరాలతో గుర్తించేవారు. ఎ అంటే అంగుళంలో వెయ్యింట 60 వంతులు, బి అంటే 55, సి అంటే 50, ఈ వరుసన అయిదేసి వంతులు తగ్గుతూ హెచ్ అంటే 25, ఐ అంటే 20. హెచ్‌డీహెచ్ అని రాసి ఉంటే రెండు కొసలు 25 వంతులు, నడుమ 45 వంతులు లావున్న తాడని అర్థం. 1930లలో అమెరికాలో దూరం విసిరే పోటీలలో పాల్గొన్న మార్విన్ హెడ్జ్ వంటివారు బరువునంతా ముందు భాగంలోనే చేర్చి, దాని వెనుక సన్నని తాడును ఉంచే అమరికను ప్రచారంలోకి తేగా, అక్షరాల గుర్తులు మరింత జటిలమయ్యాయి. అయినా తయారీదారులందరూ వాడినది ఒకే పదార్థం కనుక, లావు తెలిస్తే బరువు తెలిసినట్లే అయ్యేది.

ఈ ఆధారం రెండు దశాబ్దాలలోనే కూలిపోయింది. డ్యూపాంట్ సంస్థ 1938లో ప్రకటించిన నైలాన్ పట్టుకన్నా తేలికైనది. నైలాన్ తాడు హెచ్‌డీహెచ్ కొలతకు సరిపోయినా, బరువులో పట్టు తాడుకు తీసిపోయేది. రెండో ప్రపంచయుద్ధానంతరం మిషిగన్ రాష్ట్రంలోని మిడ్‌లాండ్‌లో స్థాపితమైన సైంటిఫిక్ యాంగ్లర్స్ సంస్థలో లియన్ మార్టుక్, అల్లిన నైలాన్ తాడుపై పీవీసీ ప్లాస్టిక్ పూతను కావలసిన మందంలో వేసే విధానాన్ని అభివృద్ధి చేశాడు. పీవీసీ స్వతహాగా నీటిలో మునిగేదే. అయితే పూతలో కంటికి కనిపించనంత చిన్న బోలు గాజు గోళాలను కలిపితే తాడు మొత్తం సాంద్రత నీటికన్నా తగ్గుతుంది. దానితో కొవ్వు రాయడం, ఆరబెట్టడం అనే శ్రమ తప్పింది. దానికి ప్రతిగా వచ్చిన నష్టం కూడా ఉంది: అంతే బరువున్న తేలే తాడు పట్టు తాడుకన్నా లావెక్కి, గాలి నిరోధం ఎక్కువై, ఎదురుగాలిని చీల్చడానికి వేగంగా విసరవలసి వచ్చింది.

పదార్థాలు వేరైనప్పుడు లావు కొలమానంగా నిలవదు కనుక, అమెరికా గాలపు సామగ్రి తయారీదారుల సంఘం 1960ల తొలి సంవత్సరాలలో తాడును తూకంతో వర్గీకరించే ప్రమాణాన్ని ఆమోదించింది. కొసన ఉండే సన్నని సమభాగాన్ని వదిలి, తాడు ముందరి 30 అడుగులను, అంటే దాదాపు 9 మీటర్లను, తూచి ఆ బరువుకు ఒక అంకె ఇవ్వడం దాని సారం. తూకం గ్రెయిన్లలో, 15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము. మూడో నంబరుకు 100, నాలుగుకు 120, అయిదుకు 140, ఆరుకు 160, ఏడుకు 185, ఎనిమిదికి 210 గ్రెయిన్లుగా నిర్ణయించి, అయిదో నంబరు వంటి తేలిక తాళ్లకు ఆరు గ్రెయిన్ల హెచ్చుతగ్గులను అనుమతించారు. అంకెకు ముందు తాడు ఆకారాన్ని, తరువాత అది తేలేదో మునిగేదో తెలిపే అక్షరాలను చేర్చారు: డబ్ల్యూఎఫ్-5-ఎఫ్ అంటే ముందు భాగంలో బరువున్న, అయిదో నంబరు, తేలే తాడు.

ఈ ప్రమాణం స్పష్టతలో అక్షరాల పద్ధతిని మించిపోయింది గాని, దాని పరిధి తాడుకే పరిమితం. కర్ర ఎంత వంగాలో, ఎంత వేగంగా తేరుకోవాలో అది చెప్పలేదు. కర్రపై అంకె వేయడం తయారీదారు అభిప్రాయంగానే మిగిలిపోయింది. వెదురు, దాని తరువాత వచ్చిన ఫైబర్‌గ్లాస్ కర్రలు నేటి కర్రలకన్నా మెత్తనివి కావడం వల్ల ఈ లోటు చాలాకాలం బయటపడలేదు. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో 1960లలో రూపొందిన గట్టి కార్బన్ నారతో అమెరికాలోని ఫెన్విక్ సంస్థ 1970ల మొదట్లో గాలపు కర్రలను విపణిలోకి తేవడంతో అది బయటపడింది. కార్బన్ తేలికైనది, బిగువైనది. తయారీదారులు దూరాన్నే గొప్పతనానికి గీటురాయిగా ప్రచారం చేస్తూ ఏటికేడు బిగువు పెంచుకుంటూ పోయారు, అంకెను మాత్రం మార్చలేదు. అయిదు అని రాసి ఉన్న కర్ర ఆరో నంబరు తాడుకు గాని సరిగా వంగని స్థితి ఏర్పడింది.

ఈ అంతరాన్ని తాడు తయారీదారులు తమ వైపు నుంచి పూడ్చారు. సైంటిఫిక్ యాంగ్లర్స్ జీపీఎక్స్ పేరుతో అర నంబరు బరువైన తాడును, రియో సంస్థ గ్రాండ్ పేరుతో పూర్తి నంబరు బరువైన తాడును ఫాస్ట్ యాక్షన్ కర్రలకోసం విపణిలోకి తెచ్చాయి. పూర్తి నంబరు బరువు అంటే పెట్టె మీద అయిదు అని ఉన్నా లోపలి తాడు ప్రమాణం ప్రకారం ఆరో నంబరుది. అయోమయాన్ని తీర్చడానికి పుట్టిన అంకెకు అర్థం మళ్లీ సడలింది. కర్రలకు తటస్థమైన కొలత కావాలని తలచిన విలియమ్ హానిమన్ ఇరవై ఒకటో శతాబ్దపు ఆరంభంలో కామన్ సెంట్స్ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. కర్ర మొదలును అడ్డంగా బిగించి, కొనకు సంచి తగిలించి, కర్ర తన పొడవులో మూడో వంతు మేరకు కిందికి వంగేవరకు 2.5 గ్రాముల అమెరికన్ సెంట్ నాణేలను వేసి, వాటి లెక్కనుంచి కర్ర అసలు నంబరును, కొన వంగిన కోణం నుంచి దాని వేగాన్ని నిర్ణయించవచ్చని ఆయన చూపాడు. ఉత్సాహవంతులు దానిని ఆదరించారు గాని తయారీదారులు కర్రలపై ముద్రించే స్థాయికి అది చేరలేదు.

ఈ చరిత్ర నుంచి తాడు ఎంపికకు పనికివచ్చే సూత్రాలు కొన్ని తేలుతాయి. ప్రమాణం 30 అడుగులను ఊహించుకొని చేసినది. చిన్న ఏరులో 20 అడుగుల తాడే కర్ర బయట ఉంటే, కొస సన్నబడే అయిదో నంబరు తాడులో ఆ భాగం బరువు 93 గ్రెయిన్లకు కూడా చేరదు, అంటే మూడో నంబరు ప్రమాణానికన్నా తక్కువ. బిగువైన కర్ర అంత తేలిక బరువుకు వంగదు కనుక దగ్గరి వేటకు బరువును కొసకు దగ్గరగా చేర్చిన తాడు గాని, ఒక నంబరు హెచ్చు తాడు గాని తగినది. అదే కర్రతో పొడవంతా ఒకే లావున్న అయిదో నంబరు తాడును 45 అడుగుల మేర గాలిలో నిలిపితే బరువు 200 గ్రెయిన్లు దాటుతుంది. అక్కడ ప్రమాణానికి కట్టుబడిన, లావు భాగం పొడవుగా సాగిన తాడే మేలు, హెచ్చు నంబరు అనవసరం. కర్రపై అంకె తయారీదారు అభిప్రాయం, పెట్టె మీది అంకె విక్రేత సూచన. ఆ పెట్టె మీదనే నేడు చాలా సంస్థలు ముద్రిస్తున్న గ్రెయిన్ల లెక్క ఒక్కటే తూకం. తాడును ఎంచుకునేవారు ముందుగా చదవవలసినది దానినే.